నీడల వెంట, తోక వెంట: కుక్క అదే పనిగా చేసే పనిని తగ్గించడం ఎలా?

"మావాడు తోక పట్టుకోవాలని గిరగిరా తిరుగుతూనే ఉంటాడండీ." "గోడ మీద వెలుతురు చుక్క పడితే చాలు, మా షెపర్డ్ అన్నం కూడా వదిలేసి పరిగెడుతుంది." "ముందు కాలు నాకి నాకి పుండు చేసుకుంది, ఏం చేసినా మానడం లేదు." కుక్కల పెంపకం గురించి రాస్తున్నందుకు నాకు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఇవి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతిని ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కుక్క ఇది పొగరుతోనో, మిమ్మల్ని విసిగించడానికో చేయడం లేదు. నొప్పి, దురద, భయం, ఏ పనీ లేకపోవడం, పుట్టుకతో వచ్చిన స్వభావం, వీటిలో ఏదో ఒకటి దాన్ని అటు నెడుతుంది. తోక వెంట తిరగడం జర్మన్ షెపర్డ్, బుల్ టెర్రియర్లలో, నీడల వెంట పడటం బోర్డర్ కోలీల్లో, తన పక్క భాగాన్నో దుప్పటినో నోట్లో పెట్టుకుని చప్పరించడం డాబర్‌మన్‌లలో ఎక్కువగా కనిపిస్తాయి. డాబర్‌మన్‌ల చప్పరింపుకు 7వ క్రోమోజోమ్ మీది ఒక జన్యుభాగంతో సంబంధం ఉందని 2010లో పరిశోధకులు గుర్తించారు. అంటే కొన్ని కుక్కల్లో ఇది రక్తంలోనే ఉంటుంది. కొట్టినా తిట్టినా పోదు, పైగా భయం తోడై పెరుగుతుంది.

మామూలు ఆటా, మొండి అలవాటా?

కూనలు అప్పుడప్పుడు తోక పట్టుకోబోవడం మామూలే. ఈ కింది వాటిలో రెండు ఉన్నా మీరు ఈ పద్ధతి మొదలుపెట్టాలి:

- పేరు పెట్టి పిలిచినా, ఇష్టమైన తిండి చూపించినా తల తిప్పదు.
- అన్నం, నిద్ర, షికారు మానుకుని మరీ చేస్తుంది.
- ఆపితే కాసేపటికే మళ్లీ అక్కడికే పోతుంది.
- మొదట ఒక్క సందర్భంలో చేసేది, ఇప్పుడు ఏ కారణం లేకుండా కూడా చేస్తోంది.
- బొచ్చు ఊడింది, పుండు పడింది, తోక చివర రక్తం వస్తోంది.

కావలసినవి

ఒక నోటు పుస్తకం, వీడియో తీయడానికి ఫోన్, మెత్తటి బెల్టు, 2 మీటర్ల తాడు. ఒక చాప లేదా మడిచిన బొంత, ఇది కుక్కకే కేటాయించాలి, వేరే దేనికీ వాడకూడదు. చిటికెన వేలి గోరంత తిండి ముక్కలు: ఉడికించిన చికెన్, గుడ్డు, క్యారెట్, ఏదైనా సరే. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూరముక్కలు వద్దు. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ అసలే వద్దు. కిటికీలకు మందమైన కర్టెన్లు. ఇంట్లో అందరి సహకారం. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఫలితం రాదు.

1. వారం రోజులు రాసుకోండి

ఏమీ మార్చకుండా ముందు చూడండి. పుస్తకంలో ఐదు గళ్లు గీయండి: ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు చేసింది, ఎలా ఆగింది. "పొద్దున చేసింది" అని రాస్తే దేనికీ పనికిరాదు. "7.40, హాల్లో, నేను షూ వేసుకోగానే, 4 నిమిషాలు, తలుపు వేసి వెళ్లాక ఏమైందో తెలియదు" అని రాస్తే పనికొస్తుంది. కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్, పక్కింటి కుక్క అరుపు, పిల్లలు స్కూలు నుంచి రావడం, అన్నీ రాయండి.

మీరు బయటికి వెళ్లేటప్పుడు ఫోనో పాత ట్యాబో అల్మారా మీద పెట్టి రికార్డు చేయండి. మీరు లేనప్పుడు మాత్రమే చేస్తుంటే ఒంటరితనపు బెంగ కావచ్చు. మీరు చూస్తున్నప్పుడే చేస్తుంటే మీ స్పందనే దానికి బహుమతి అవుతోందేమో ఆలోచించండి. రెండు వేళల్లోనూ ఒకేలా చేస్తుంటే కారణం ఒంట్లో ఉండవచ్చు, లేదా అలవాటు బాగా ముదిరి ఉండవచ్చు.

పుండు, రక్తం ఉంటే వారం ఆగొద్దు. ఒక వీడియో తీసుకుని నేరుగా 2వ మెట్టుకు వెళ్లండి.

2. డాక్టరుకు చూపించండి

చాలామంది దీన్ని దాటేసి "ట్రైనర్ ఎవరైనా ఉన్నారా" అని అడుగుతారు. ట్రైనింగ్ తర్వాత. నొప్పితో చేసే పనిని ఏ ట్రైనింగూ మాన్పించలేదు. వీడియో, నోటు పుస్తకం తీసుకెళ్లండి. ఆసుపత్రిలో కుక్క ఆ పని చేయకపోవచ్చు కాబట్టి వీడియోనే సాక్ష్యం. మీ ఊళ్లో డాక్టరు తేల్చలేకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులకు తీసుకెళ్లవచ్చు.

ఏం చూడమని అడగాలి?

తోక వెంట తిరుగుతుంటే మలద్వారం పక్కన ఉండే గ్రంథులు నిండాయేమో, తోక మొదట్లో పిడుదులో అలర్జీయో ఉందేమో, నడుము నొప్పి ఉందేమో చూడమనండి. నట్టల మందు ఎప్పుడు వేశారో తేదీ చెప్పండి.

పాదాలు నాకుతుంటే వేళ్ల మధ్య ఫంగస్, ముల్లు, పగిలిన గోరు, తిండి అలర్జీ. ఎప్పుడూ ఒకే కాలు, ఒకే చోట నాకుతుంటే ఆ చర్మం కింద ఉన్న కీలు నొప్పి పెడుతోందేమో ఎక్స్‌రే గురించి అడగండి.

నేల, గోడలు, సోఫా నాకుతుంటే అనుమానం పొట్ట మీద పడాలి. కెనడాలో ఇలా అదే పనిగా నాకే 19 కుక్కలను పరీక్షిస్తే 14 కుక్కలకు జీర్ణకోశ సమస్యలు బయటపడ్డాయి. 2012లో వచ్చిన ఆ ఫలితం తెలిశాక, నేల నాకే కుక్కను "బోర్ కొట్టి నాకుతోంది" అని వదిలేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

గాల్లో లేని ఈగలను పట్టుకుంటుంటే పొట్ట, చెవులు, కళ్లు చూడాలి. మూర్ఛలో ఒక రకం కూడా ఇలాగే ఉంటుంది. అది చేసేటప్పుడు చూపు నిలిచిపోవడం, చొంగ కారడం, అయిపోయాక కాసేపు అయోమయంగా తిరగడం ఉంటే తప్పక చెప్పండి.

ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కకు ఇది కొత్తగా మొదలైతే, లేదా ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంటే, అలవాటు అనుకోవద్దు. చెవి లోపలి భాగం, మెదడు పరీక్షించాలి.

*హెచ్చరిక:* టీకాలు సరిగా వేయించని కుక్క, లేదా ఈ మధ్య వీధి కుక్క కరిచిన కుక్క, ఉన్నట్టుండి గాల్లోకి కరుస్తూ, గొంతు మారి, చొంగ కారుస్తూ, నడక తడబడుతూ ఉంటే అది రేబిస్ కావచ్చు. దగ్గరికి వెళ్లొద్దు, నోట్లో చేయి పెట్టొద్దు. గదిలో ఉంచి తలుపు వేసి డాక్టరుకు ఫోన్ చేయండి. ఎవరికైనా కాటు పడినా, గీరుకుపోయినా, ఉన్న గాయం మీద చొంగ తగిలినా 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. టీకాలు పడని కూన దవడలు టకటకా ఆడిస్తూ ఉంటే డిస్టెంపర్ జబ్బు కావచ్చు. అదీ అత్యవసరమే.

3. రెచ్చగొట్టే వాటిని తీసేయండి

కుక్క ఒక్కోసారి ఆ పని చేసినకొద్దీ అలవాటు గట్టిపడుతుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు నేర్పడం కంటే చేసే అవకాశం లేకుండా చేయడమే ముఖ్యం.

వెలుతురు, నీడల విషయంలో ఇది కాస్త వెతుకులాట. కుక్క ఎత్తులో నేల మీద కూర్చుని గది చూడండి. మీరు నిలబడితే కనిపించనివి అక్కడ కనిపిస్తాయి. పావురాలు రాకుండా బాల్కనీలో కట్టిన పాత సీడీలు మొదటి దోషులు. గాలికి ఊగినప్పుడల్లా హాలంతా వెలుగు చుక్కలు పరుగెడతాయి. ఇవి తీసేసి వల కట్టించుకోండి. తర్వాత చేతి గడియారం అద్దం, ఫోన్ స్క్రీన్, ఆరబెట్టిన స్టీలు పళ్లేలు, అద్దాల తోరణం, కిందనున్న బండి అద్దం మీంచి కిటికీలోకి పడే వెలుగు. సీలింగ్ ఫ్యాన్‌కు పైన లైటు ఉంటే రెక్కల నీడ నేల మీద ఆడుతుంది. ఆ లైటు ఆపి గోడ లైటు వాడండి. ఎండ నేరుగా పడే గంటల్లో కర్టెన్ వేయండి. రోజంతా ఇల్లు చీకటి చేయకండి, వెలుతురు ఉండాలి, కదిలే వెలుతురు ఉండకూడదు.

లేజర్ లైటుతో ఆడించడం ఈ రోజే ఆపేయండి. ఫోన్ టార్చితో గోడ మీద చుక్క వేసి కుక్కను పరిగెత్తించడం కూడా అంతే. ఎంత పరిగెత్తినా నోటికి ఏదీ చిక్కని వేట అది. అక్కడితో మొదలై ప్రతి మెరుపు వెంట పడే కుక్కలు చాలా ఉన్నాయి. ఇంటికి వచ్చిన పిల్లలకు కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

కాళ్లు నాకే కుక్కకు పుండు మానేదాకా డాక్టరు ఇచ్చే ప్లాస్టిక్ కోన్ మెడకు వేయండి. కోన్ పుండును కాపాడుతుంది, అంతే. కారణం అలాగే ఉంటే కోన్ తీసిన రోజే మళ్లీ మొదలవుతుంది.

బంతి పిచ్చి ఉన్న కుక్కకు బంతి నేల మీద దొరకకూడదు. బీరువాలో పెట్టండి. మీరే తీయాలి, ఐదారుసార్లు విసిరి "అయిపోయింది" అని చెప్పి, కళ్ల ముందే లోపల పెట్టేయాలి. ఆ వెంటనే గడ్డిలో కొన్ని తిండి ముక్కలు చల్లి వాసన పట్టనివ్వండి. పరుగుతో రేగిన ఒళ్లు ముక్కు పనితో చల్లబడుతుంది.

4. రోజుకు ఒక క్రమం ఇవ్వండి

అపార్టుమెంట్లలో పొద్దున పదినిమిషాలు కిందికి తీసుకెళ్లి, రాత్రిదాకా హాల్లో వదిలేసే కుక్కల్లో ఈ సమస్య తరచుగా చూస్తాం. పొద్దున, సాయంత్రం కనీసం అరగంట చొప్పున నడిపించండి. అందులో సగం సమయం తాడు వదులుగా పట్టుకుని దాని ఇష్టం వచ్చినట్టు వాసన చూడనివ్వండి. "నడవదండీ, ప్రతి చెట్టు దగ్గరా ఆగుతుంది" అని విసుక్కుంటారు. ఆ ఆగడమే దానికి కావలసిన పని. ఎండాకాలం పొద్దెక్కక ముందే వెళ్లిరండి. చేతి వెనకభాగం రోడ్డు మీద 7 సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్క పాదాలు పెట్టకూడదు.

గిన్నెలో తిండి పెట్టడం తగ్గించండి. పాత టవల్‌లో గింజల తిండి చుట్టి ఇవ్వండి, అట్టపెట్టెలో కాగితాల మధ్య దాచండి, ఉప్పు వేయని పెరుగన్నం గిన్నెలో గడ్డకట్టించి నాకనివ్వండి. గుడ్డ, అట్ట మింగేసే కుక్కయితే దగ్గరే కూర్చోండి, లేదంటే గదిలో మూలమూలలా ముక్కలు పెట్టి "వెతుకు" అనండి. పావుగంట వెతుకులాట తర్వాత చాలా కుక్కలు వాటంతట అవే పడుకుంటాయి.

నిద్ర మరిచిపోకండి. పెద్ద కుక్క రోజుకు 12 గంటలకు పైగా పడుకుంటుంది. టీవీ, రాకపోకల మధ్య దానికి నిద్ర పట్టకపోతే చిరాకు పెరుగుతుంది, చిరాకు తోకకు చుట్టుకుంటుంది. ఎవరూ కదిలించని ఒక మూల చూపించండి.

5. "చాప" నేర్పండి

ఆ పనికి బదులుగా చేయగలిగిన పని ఒకటి దానికి తెలియాలి. చాప మీద పడుకుని ఉండటం అన్నిటికంటే సులువు.

చాప పరవండి. కుక్క దాని మీద కాలు పెట్టగానే ముక్క ఇవ్వండి, నోటికి అందించకుండా చాప మీద వేయండి. నాలుగు కాళ్లూ పెట్టాక ఇంకోటి. దానంతట అది పడుకున్నప్పుడు వరుసగా మూడు నాలుగు. ఇలా రెండు మూడు రోజులు, పూటకు 5 నిమిషాలు చాలు. చాప పరవగానే పరిగెత్తుకొచ్చి పడుకుంటున్నప్పుడు మాత్రమే "చాప" అనే మాట జోడించండి. అంతకుముందే మాట వాడితే ఆ మాటకు అర్థం ఉండదు. తర్వాత ముక్కకూ ముక్కకూ మధ్య సమయం పెంచండి: 3 సెకన్లు, 10, 30, ఒక నిమిషం. లేచిపోతే కోప్పడకుండా మళ్లీ చిన్న సమయంతో మొదలుపెట్టండి.

*ఎక్కువగా జరిగే పొరపాటు:* కుక్క తిరుగుతున్నప్పుడే దీన్ని నేర్పబోవడం. అప్పుడు దాని చెవికి ఏదీ ఎక్కదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు నేర్పి, రేగబోతున్నప్పుడు వాడాలి.

6. మొదలయ్యే క్షణంలో ఏం చేయాలి

నోటు పుస్తకం ఇక్కడ అక్కరకొస్తుంది. తిరగడానికి ముందు చాలా కుక్కలు ఏదో ఒక సూచన ఇస్తాయి: తోక వైపు ఒకసారి చూడటం, ఒళ్లు బిగుసుకోవడం, గోడ వైపు చూపు నిలపడం. ఆ సూచన కనిపించిన ఒకటి రెండు సెకన్లలో మామూలు గొంతుతో "చాప" అనండి. వెళ్లి పడుకుని, నాలుగైదు సెకన్లు ఉన్నాక ముక్క ఇవ్వండి.

ఈ నాలుగైదు సెకన్లు చాలా ముఖ్యం. తిరుగుతున్న కుక్క నోటికి నేరుగా ముక్క అందిస్తే, తిరిగితే ముక్క వస్తుందని నేర్చుకుంటుంది. తిరగడం, ఆగడం, చాప మీదికి రావడం, కుదురుకోవడం, ఆ తర్వాతే తిండి.

అప్పటికే మొదలైపోతే అరవకండి, బెల్టు పట్టి లాగకండి. ఆ స్థితిలో ఉన్న కుక్క యజమానిని కూడా కరవవచ్చు. పక్క గదిలో ఏదైనా మామూలు చప్పుడు చేయండి, డబ్బా మూత తీసిన చప్పుడో, తలుపు తాళం చప్పుడో. తల తిప్పగానే ఆ గది నుంచి బయటికి పిలవండి. ప్రతిసారీ ఒకే చప్పుడు వాడితే రెండు వారాల్లో దాని పని అయిపోతుంది, మారుస్తూ ఉండండి.

నవ్వడం, "అబ్బో చూడు చూడు" అనడం, రీల్స్ కోసం తీయడం మానేయండి. డాక్టరు కోసం తీసే వీడియోలో కూడా మీ గొంతు వినపడకూడదు.

7. మళ్లీ కొద్దికొద్దిగా చూపించండి

రెండు మూడు వారాలు తగ్గాక, రెచ్చగొట్టే వస్తువును బలహీనంగా, దూరంగా తీసుకురండి. వెలుతురైతే కర్టెన్ ఒక జానెడు తెరిచి, కుక్కను గది అవతలి మూల చాప మీద ఉంచండి. నేల మీది వెలుగును చూసి మళ్లీ మీ వైపు చూస్తే అదే గెలుపు, వెంటనే ముక్క ఇవ్వండి. చూపు మళ్లించలేకపోతే ఎక్కువైందని అర్థం, కర్టెన్ తెరిచినదాన్ని సగానికి తగ్గించండి. ఈ పని వారాలు పడుతుంది. ఆదివారం ఒక్కరోజులో అయిపోవాలని చూస్తే మొదటికొస్తుంది.

8. మందుల గురించి

ముదిరిన కేసుల్లో డాక్టర్లు ఫ్లుఓక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి మందులు రాస్తారు. ఇవి మత్తు మందులు కావు, పైన చెప్పిన పనులు మెదడుకు ఎక్కేలా చేస్తాయి. ఫలితం తెలియడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. "పదిరోజులు వేశాం, ఏమీ తేడా లేదు" అని ఆపేసేవాళ్లే ఎక్కువ. ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గిస్తూ ఆపాలి.

ఇంట్లో ఎవరికో రాసిన మాత్రను ముక్క చేసి ఇవ్వకండి. ఇంకొక విషయం మన దగ్గర చాలా అవసరం: పిడుదుల కోసం అమిట్రాజ్ ఉన్న మందుతో స్నానం చేయించడం మనకు మామూలు. ఫ్లుఓక్సెటిన్, క్లోమిప్రమిన్ వాడే కుక్కకు అమిట్రాజ్ తగలకూడదు, ప్రాణాపాయం. పిడుదుల మందు డబ్బా ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. వేరే మందు రాస్తారు.

తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మనసుకు అనిపించేదాన్ని నమ్మకండి. ఒక చెడ్డ సాయంత్రం వస్తే వారమంతా పోయినట్టు ఉంటుంది. ప్రతి ఆదివారం ఆ వారం మొత్తం నిమిషాలు కూడండి, మొదటి వారంతో పోల్చండి. దాంతోపాటు ఇంకో రెండు చూడండి: పిలిచాక ఎన్ని సెకన్లకు తల తిప్పుతోంది, ఆపాక ఎంతసేపటికి మళ్లీ మొదలుపెడుతోంది. నిమిషాలు తగ్గకముందే చాలాసార్లు ఈ రెండూ మెరుగుపడతాయి. అంటే దారి సరైనదే.

మీరు పట్టించుకోవడం మానేసిన మొదటి రోజుల్లో కాస్త పెరగవచ్చు, ముఖ్యంగా మీ దృష్టి కోసం చేసే కుక్కల్లో. వారం దాటినా పెరుగుతూనే ఉంటే, లేదా నాలుగు వారాలకు కూడా మొత్తం ఏమీ తగ్గకపోతే, మళ్లీ డాక్టరు దగ్గరికి.

తోక వెంట తిరగడం తగ్గి పాదాలు నాకడం మొదలైతే అది తగ్గడం కాదు, దారి మార్చింది. 4వ మెట్టులో ఏదో లోటు ఉంది, లేదా నొప్పి ఇంకా ఉంది. మనం బలవంతంగా ఆపినప్పుడు, అంటే రోజంతా కట్టేసినప్పుడు, కోన్ తీయకుండా ఉంచినప్పుడు, ఇలా జరగడం ఎక్కువ.

ఇంట్లో ఒక్కరు మాత్రమే పాటించడం ఇంకో పెద్ద కారణం. మీరు పద్ధతిగా ఉంటే, మధ్యాహ్నం నానమ్మ తిరుగుతున్న కుక్కకు జాలిపడి బిస్కెట్ పెడుతుంది. ఆవిడ తప్పు లేదు, ఎవరూ చెప్పలేదు. చాప ఎలా వాడాలో ఆవిడకే నేర్పండి. రోజంతా ఇంట్లో ఉండేది ఆవిడే కాబట్టి మీకంటే బాగా చేయగలదు.

దీపావళి, ఇల్లు మారడం, ఇంట్లో పెళ్లి, కొత్త బిడ్డ రావడం, ఈ సమయాల్లో మళ్లీ తలెత్తడం సహజం. దీపావళికి వారం ముందే కర్టెన్లు, సాయంత్రం షికారు వేళ, మూసిన గదిలో చాప సిద్ధం చేసుకోండి. మెరిసే సీరియల్ లైట్లు కుక్క కనుచూపులో పడకుండా బయటి వైపు కట్టండి. తలెత్తితే నోటు పుస్తకం తీసి 1వ మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. రెండోసారి అంత సమయం పట్టదు, చాప దానికి ఇప్పటికే తెలుసు.